నవ్వించి పంపే మామ

మామ పోయాడని చెప్పడానికి ఫోన్ చేసిన అత్త కాసేపు ఏడ్చి, ఆ వెంటనే అడిగింది పోస్టరు గురించే. తమిళనాట మా తెలుగువాళ్ళ వైపు అంతే. మనిషి పోతే ముందు బంధువులకు ఫోన్లు, తరువాత ఫ్లెక్సు షాపుకు ఫొటో. మణవాళనగర్‌లో ఆ షాపు నాదే కావడంతో చుట్టాల చావులన్నీ నా కంప్యూటర్ మీదుగానే వెళ్తాయి. పూలదండ సిద్ధంగా ఉంటుంది, రెండు దీపాలు సిద్ధంగా ఉంటాయి, తమిళంలో కన్నీటి అంజలి అక్షరాలూ ఉంటాయి. మధ్యలో మొహం ఒక్కటి మార్చాలి.

మామకు ఆ మొహమే దొరకలేదు. ఫొటోలు లేక కాదు, బోలెడున్నాయి. ఒకదాంట్లో మా నాన్నలాగా మూతి బిగించి ఉన్నాడు. ఇంకోదాంట్లో రేషన్ షాపు ఆయమ్మలాగా కళ్ళు చికిలించి బియ్యం వైపు చూస్తున్నాడు. పెళ్ళి ఫొటోలో అయితే అచ్చంగా పురోహితుడే, పక్కనున్న అసలు పురోహితుడు కొంచెం దొంగలాగా ఉన్నాడు. చివరికి ఆధార్ కార్డు పంపమన్నాను. అందులోనూ సొంత మొహం లేదు. కెమెరా వెనక కూర్చున్న కుర్రాడెవడి విసుగో అంతా ఈయన మొహంలోకి దిగి ఉంది. ఆ కుర్రాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు గానీ, ఎక్కడైనా ఎదురైతే గుర్తుపడతాను. గత్యంతరం లేక దానికే దండ వేసి ప్రింటు కొట్టాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తిరుత్తణి దగ్గర మా మగ్గాల వీధిలో పుట్టి అక్కడే పోయాడు. చేతిమగ్గం పోయి మరమగ్గాలు వచ్చినప్పుడు షెడ్డులో చేరాడు. ఆ షెడ్డులో మాట వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుందే తప్ప మాట చేరదు. అందుకని అక్కడ అందరూ మొహాలతోనే మాట్లాడుకుంటారు. ఓనరు వస్తున్నాడని చెప్పాలంటే ఓనరు మొహం పెట్టాలి. అందరూ పెడతారు, మా మామ పెడితే మాత్రం పక్క మగ్గంవాడు లేచి నిలబడేవాడు. గొంతులు పట్టడం ఆయనకు తరువాత వచ్చిన విద్య. ముందు పట్టింది మొహాలనే.

ఈ విద్య పెళ్ళిళ్ళలో ఎవరైనా చూపిస్తారు. మా మామ చూపించేది కర్మలప్పుడు. మావాళ్ళు పెద్దకర్మను కారియం అంటారు, తమిళం మాటే. కారియం భోజనాలయి, ఆకూ వక్కా పంచుతున్నప్పుడు మామ లేచి, పోయిన మనిషి రోజూ కూర్చునే చోట కూర్చునేవాడు. ఆ మనిషి తువ్వాలు భుజాన వేసుకునేవాడు. కాసేపు తువ్వాలు సర్దుకోవడమో, మోకాలు రుద్దుకోవడమో చేస్తాడు. అంతే, ఇల్లంతా గప్‌చిప్. పిల్లలు తల్లుల కొంగుల్లోకి దూరేవాళ్ళు. ఆ కాసేపూ నాకు ఒళ్ళు జలదరించేది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, బతికున్న బ్యాంకు మేనేజర్లకు భయపడటానికే తీరిక చాలదు. అయినా జలదరించేది.

ఆ తరువాత మెల్లిగా వంకర మొదలయ్యేది. ఊత్తుకోట రోడ్డులో కిరాణాకొట్టు పెట్టుకున్న ఒక పిసినారి బావ కారియంలో, మామ ఆయన గొంతుతో పంక్తి పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరినీ నిలదీశాడు. "నువ్వు ఎవరప్పా? నన్ను మోసేదానికి రాలేదే, వడకు మాత్రం కరెక్టుగా వచ్చినావే! ఆ రెండో వడ పెట్టిందెవరు? నేను బతికుంటే పెట్టనిస్తానా?" అన్నాడు. పోయినాయన భార్య ఏడుస్తూ మొదలుపెట్టి, నవ్వుతూ పొలమారి, నీళ్ళు తెమ్మంది. అందరూ అట్లా నవ్వుతున్నప్పుడు మామ ఆ గొంతుతోనే, "సరే, ఇంక పోతా," అనేవాడు. చావింటి నుంచి పోయేవాళ్ళు పోయొస్తాననకూడదు కదా, పోయినవాడు అసలే అనకూడదు. అందరూ నవ్వుతూనే "పో, పో" అనాలి. ఆయన వెనక్కి చూడకుండా వీధిలోకి వెళ్ళి, పంపు కింద మొహం కడుక్కుని, మామగా తిరిగొచ్చేవాడు. దీన్నే మా వీధిలో నవ్వించి పంపడం అనేవాళ్ళు.

వెంగల్‌లో ఒక రైతు పోయినప్పుడు నేనూ వెళ్ళాను. ఆ ఇంటి కుక్క యజమాని పోయినప్పటినుంచి తిండి ముట్టలేదట. మామ అరుగు మీద కూర్చుని తువ్వాలు వేసుకోగానే అది వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. మామ దాని తల నిమిరాడు. ఇల్లంతా నవ్వి, పొమ్మని, ఆయన మొహం కడుక్కుని వచ్చాక అదే కుక్క ఆయన్ని ఊరి చివరిదాకా తరిమింది. దారి పొడుగునా నేను నవ్వుతున్నాను. మామ నవ్వలేదు.

"మొహం పట్టేది పెద్ద పని కాదబ్బోడా," అన్నాడు బస్సులో. "పట్టినాక దాన్ని రవ్వంత వంకర చెయ్యాల. వంకర చెయ్యకుంటే అది మన మాట వినదు. మనమే దాని మాట వినాల్సొస్తాది."

ఇంకో సంగతి చెప్పాలి. మామ వరస చూసుకోకుండా నోరు తెరిచేవాడు కాదు. మావాళ్ళలో బావనూ మామనూ బావమరిదినీ ఎంత మాటైనా అనొచ్చు, వాళ్ళు పడాల్సిందే. తండ్రి వరస, అన్న వరసవాళ్ళ జోలికి పోకూడదు. ఎదురింటి తమిళాయన పోయినప్పుడు వాళ్ళ పిల్లలే వచ్చి పిలిచారు. వరస లేదే అని మామ తల గోక్కుని, ఆయన భార్యను అక్కా అని పిలిచి, ఆయన్ని బావను చేసుకుని, అప్పుడు వెళ్ళి కూర్చున్నాడు.

ఆయన జోకులన్నీ బంగారమని నేననను. నల్లగా ఉన్న పెళ్ళికూతురి మీద ఆయనకొక పాచిపోయిన జోకు ఉండేది. కాలేజీలో చదువుతున్న నా కూతురు ఒకసారి అందరిముందూ అడిగేసింది. "తాతా, పిసినారితనం ఆయన చేసిన పని, నవ్వుతాం. నలుపు ఆమె చేసిన పనా? పుట్టినదానికి ఎందుకు నవ్వాలి?" అని. మామ చాలాసేపు ఆలోచించి, "ఈ బిడ్డ చెప్పేది కరెక్టేరా. పుట్టుకను ఇంక తియ్యను," అన్నాడు. మళ్ళీ తియ్యలేదు. ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెబితే ఆయన వినేవాడు. తరువాత చెప్పడానికొచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చోలేదు.

జరిగింది ఇది. ఏ పార్టీ నాయకుడొచ్చినా మొదటి ఫ్లెక్సు తనే కట్టించి, నడుం వంచి దండాలు పెట్టే ఒకాయన పోయారు, మా మామకు మామ వరస. నాకు మంచి గిరాకీ, ఆ సంగతి అలా ఉంచండి. కారియంలో మామ ఆ వంగిన నడుంతోనే పంక్తిలో ప్రతి ఆకుకూ దండం పెడుతూ పోయాడు. ఇల్లు పగిలేలా నవ్వారు. ఎవరో ఫోన్లో తీశారు, ఎవరో పెట్టారు, ఇంకెవరో పంచారు. ఒకడు పార్టీని అన్నాడన్నాడు, ఒకడు కులాన్ని అన్నాడన్నాడు, ఒకడు గూనివాళ్ళను వెక్కిరించాడన్నాడు, ఇంకొకడు చావంటేనే మర్యాద లేదన్నాడు. పోయినాయన భార్య మాత్రం, "మా ఇంటాయన్ని అన్నాడు, కరెక్టుగా అన్నాడు," అంది. ఆమె మాట ఎవరూ పంచలేదు.

"ఆ ఫోనుకు వరస లేదు కదరా," అన్నాడు మామ నాతో. "చూసినోళ్ళలో నాకు ఎవరు బావో, ఎవరు అన్నో నేను ఎట్ట తెలుసుకునేది?"

మా వీధి సంఘం భయపడిపోయింది. కార్యదర్శి స్వయంగా వచ్చి, మామను గోడకు నిలబెట్టి, ఫోన్ ఎత్తి పట్టుకుని క్షమాపణ చెప్పమన్నాడు. మామ నిజాయితీగానే చేతులు జోడించాడు. కానీ ఎదురుగా ఉన్నది కార్యదర్శి. మామ ఏ మొహం ఎదురుగా ఉంటే ఆ మొహమైపోతాడు, అది ఆయన చేతిలో లేదు. క్షమాపణ మొత్తం కార్యదర్శి గొంతు సవరింపులతో, కార్యదర్శి కనుబొమ్మలతో వచ్చింది. మొదటి వీడియో కంటే దాన్నే ఎక్కువమంది చూసి నవ్వారు. ఆ సంగతి కార్యదర్శికి ఇంటికి వెళ్ళాక భార్య చెబితేగానీ తెలియలేదట. ఇంకేముంది, ఇకమీదట మామ ఏ కారియంలోనూ కూర్చోకూడదని తీర్మానం చేశారు.

ఆ తీర్మానం మీద మా పెదనాయన సంతకం కూడా ఉంది. ఆయన మా పెద్దమ్మ భర్త, మామకు సొంత బావ, సంఘానికి చాలాకాలం తలైవరు, అంటే అధ్యక్షుడు. తలైవరే అని పిలిస్తేగానీ తల తిప్పేవాడు కాదు. గుమ్మం పక్కన ఇనుప మడతకుర్చీలో కూర్చుని రెండుసార్లు దగ్గితే పెద్దమ్మ కాఫీ తేవాలి. దగ్గుకూ కాఫీకీ మధ్య ఆలస్యమైతే ఆ ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం సయించేది కాదు. పెద్దమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆమె నవ్వు ఎలా ఉంటుందో నేను ఎరగను. చంటి మనవణ్ణి చంకనేసుకుని పరుగెత్తుతూ కాఫీ కలపడం మాత్రం కళ్ళారా చూశాను.

ఆయన ఒకనాడు ఆ కుర్చీలోనే పోయాడు. కారియం దగ్గరపడుతుండగా పెద్దమ్మ నడుచుకుంటూ తమ్ముడింటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"మీ బావ ఇంకా పోలేదురా," అంది. "తెల్లారితే ఆ దగ్గు వినబడతాండాది. నాకు తెలీకుండానే లేసి పాలు పొయ్యి మీద పెడతాండాను. నువ్వు వచ్చి నవ్వించి పంపురా తమ్ముడా. లేకుంటే నేను సచ్చేదాకా ఆ పొయ్యి కాడనే."

మామ తీర్మానం గురించి గొణిగాడు. "నీకు అక్కనా, సంఘమా?" అంది ఆమె. అంతకంటే పెద్ద మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

అడ్డం పడింది వాళ్ళబ్బాయి, నాకు అన్న. చెన్నైలో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆఫీసులో ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడటం ఎలాగో క్లాసులు చెబుతాడు. చెడ్డవాడు కాదు. తండ్రి పేరు ఫోన్లలోకి ఎక్కుతుందేమో, తల్లి నలుగురిలో అసింగం అవుతుందేమో, పరువు పోతుందేమో అని వాడి భయం. తల్లి పట్టు వదలకపోయేసరికి మధ్యేమార్గం కనిపెట్టాడు.

"చెయ్యండి మామా. కానీ మరియాదగా చెయ్యండి. అప్పను ఉన్నది ఉన్నట్టు చూపించండి చాలు. ఎగతాళి వద్దు."

"వంకర లేకుండానా?" అన్నాడు మామ. ఆయన మొహంలో అప్పుడు కనిపించిన భయం ఎవరిదీ కాదు, ఆయనదే. అక్క వైపు చూశాడు. ఆమె చేతులు జోడించేసింది. ఏదో ఒకటి చెయ్యమని.

కారియంనాడు మిట్టమధ్యాహ్నం, బయట కళ్ళు చెదిరే ఎండ. భోజనాలయ్యాయి. మామ ఆ మడతకుర్చీలో కూర్చుని, పెదనాయన తువ్వాలు వేసుకుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. కూర్చున్న కాసేపటికి ఆ కుర్చీలో మామ లేడు. గడ్డం పైకి లేచింది, కింది పెదవి జారింది. మేమంతా అలవాటు కొద్దీ వంకర కోసం చూస్తున్నాం. అది రాలేదు. పెదనాయన అందరినీ ఒక్కొక్కరిగా చూస్తున్నాడు. నా వంతు వచ్చినప్పుడు నేను కాలు మీద కాలు తీసేశాను.

అప్పుడు ఆయన రెండుసార్లు దగ్గాడు.

పెద్దమ్మ లేచింది. వంటింట్లో గిన్నె చప్పుడు, పాలు పొంగిన వాసన, గ్లాసులో చెంచా తిరిగిన చప్పుడు. ఆమె గ్లాసు తెచ్చి కుర్చీ పక్కన నిలబడింది, రోజూ నిలబడేటట్టే, తల కొంచెం వంచి. ఆయన ఒక గుక్క తాగాడు.

"ఏమే, చక్కెర తక్కువ," అన్నాడు.

తమ్ముడు అక్కను ఏమే అన్నాడని ఎవరికీ తోచలేదు. ఆమె చక్కెర కోసం వెనక్కి తిరిగింది. మామ చూపు అన్న మీదికి వెళ్ళింది. ఆ కళ్ళజోడు వెనక నుంచి మామే చూస్తున్నాడు, ఒక్క మాటకు సెలవివ్వమని. అన్న అడ్డంగా తలూపాడు. ఎవరూ నవ్వకుండా "పోతా" అనడానికి లేదు. ఆయన అలాగే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ అయ్యాక అన్న, "చాలు మామా, రొంబ బాగుంది," అన్నాడు. ఆయన లేచి, పంపు దగ్గరికి వెళ్ళి, మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తుడుచుకుని తిరిగినప్పుడు గడ్డం ఇంకా పైకే ఉంది.

పెద్దమ్మ ఇంట్లో మరునాటి నుంచి దగ్గు ఆగింది. మామ ఇంట్లో మొదలైంది.

అత్త నాకు ఫోన్ చేసి, "ఈయప్ప కాఫీ అడగతాండాడురా! పుట్టినప్పటినుంచి టీ తప్ప ముట్టని మనిషి," అంది. ఇంకొకరోజు, "తూర్పుగది తాళం యాడ పెట్టినావని అరుస్తాండాడు. మాకు ఉండేదే ఒక గది," అంది. తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మెడలో నరం అన్నాడు, మాత్రలిచ్చాడు. మాత్రలు ఆయన క్రమం తప్పకుండా వేసుకున్నాడు, తలైవరు హోదాలో. షెడ్డుకు పోవడం మానేశాడు. నేను వెళ్తే, "షాపు ఎట్ల నడస్తాది?" అని పెదనాయన అడిగేటట్టే అడిగేవాడు, జవాబు వినకుండా. మామ కోసం ఆ మొహమంతా వెతికేవాణ్ణి. అప్పుడప్పుడు కనుకొలుకుల్లో ఎవరో ఉన్నట్టే అనిపించేది. నాకు ఏడుపొచ్చేది. ఎవరి కోసమని ఏడవాలో తెలిసేది కాదు.

పెద్దమ్మ రోజూ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని మూడు వీధులు నడిచి తమ్ముడింటికి వచ్చేది. అన్న మొత్తుకున్నాడు. ఆమె విన్లేదు. "ఆయన ఈడుండాడు కదా, నేను యాడికి పోయేది?" అంది. విడిపించమని అడిగిన మనిషి ఇంకా ఎక్కువ దూరం నడుస్తోంది.

ఎండలు ముదిరేసరికి మామ మంచం పట్టాడు. పోవడానికి కొన్ని వారాల ముందు, ఒక ఆదివారం, నేనూ నా కూతురూ పొద్దున్నే రైలెక్కి చూడటానికి వెళ్ళాం. అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది. పెద్దమ్మ మంచం పక్కన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మామ సగమయ్యాడు. గొంతు మాత్రం సగం కాలేదు.

రెండుసార్లు దగ్గాడు. "ఏమే, కాఫీ."

పెద్దమ్మ ఫ్లాస్కు మూత తిప్పి, ఆ మూతలోకే కాఫీ వంచింది. మంచం మీంచి ఒక చెయ్యి ముందుకు చాచుకుంది. ఆమె ఆ చేతిని చూసింది. మణికట్టు మీద చిన్నప్పుడు మగ్గంలోంచి నూలు కండె నాడా ఎగిరొచ్చి తగిలిన మచ్చ ఉంది, తమ్ముడిది. దాన్ని చాలాసేపు చూసింది. తరువాత మూత ఎత్తి తన నోట్లో పోసుకుంది. చివరి చుక్కదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగుండాదే," అంది ఆశ్చర్యంగా. "నీకు పెట్టీ పెట్టీ, ఇది ఎట్లుంటాదో నాకే తెలీకపాయె. చక్కెర కూడా సరిపోయింది. నీకు కావాలంటే నువ్వే లేసి పెట్టుకో పో!"

పెదనాయన్ని ఆమె నువ్వు అనడం అదే మొదలు. ఆ మాట అన్నందుకు తనే బిత్తరపోయి, ఆ తరువాత నవ్వింది. ఎండిన బావిలో చేద పడినట్టు ముందు ఒక గరగర చప్పుడు, ఆపైన అసలు నవ్వు. నా కూతురు ఫక్కుమంది. అత్త చేట పక్కన పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను. భయం భయంగానే, కళ్ళు తుడుచుకుంటూ.

మంచం మీద మనిషి చాచిన చెయ్యి అలాగే ఉంచి మా అందరినీ చూశాడు. గడ్డం కొంచెం కిందికి దిగింది.

"సరే," అన్నాడు పెదనాయన. "ఇంక పోతా."

"పో," అంది పెద్దమ్మ.

చెయ్యి దుప్పటి మీద వాలింది. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి ఆడుతోందా లేదా అని అత్త దగ్గరికి వచ్చి వంగింది. అప్పుడు కళ్ళు తెరిచి, ఎండకు అలవాటు పడుతున్నవాడిలా రెప్పలార్చి, మా వైపు చూశాడు. పక్కన కూర్చున్న మనిషిని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"అక్కా," అన్నాడు, సన్నగా, ఎన్నాళ్ళుగానో నేను వినని గొంతుతో. "నువ్వు ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడేరా," అంది పెద్దమ్మ.